పల్స్ 40కి దిగితే ముందు మందుల సంచి విప్పించండి

మీరు చెప్పింది క్లుప్తంగా ఇది. ఏరియా ఆసుపత్రి, మెడికల్ వార్డు, నైట్ డ్యూటీ. 66 ఏళ్ల ఆయన, షుగరు, బీపీ రెండూ ఉన్నాయి. కాలికి సెల్యులైటిస్ (చర్మం కింద ఇన్ఫెక్షన్) అని చేర్చుకుని నాలుగు రోజులైంది. చేరినప్పుడు పల్స్ 84. ఈ రాత్రి సిస్టర్ చూస్తే 40. బీపీ 100/60. మనిషి మాట్లాడుతున్నాడు, "కాస్త నీరసంగా ఉంది" అంటున్నాడు. ఈసీజీలో పీ వేవ్‌లు (గుండె పై గదుల గుర్తు) కనబడటం లేదు, క్యూఆర్ఎస్ (కింది గదుల గుర్తు) సన్నగా, క్రమం తప్పకుండా ఉంది. చేరిన రోజు క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే పరీక్ష) 1.6, పొటాషియం 5.1. ఇంటి దగ్గర వాడే బీపీ మందులు అటెనొలాల్ 50, టెల్మిసార్టన్ 40 మిల్లీగ్రాములు. సీనియర్ గారు ఫోన్లో "పేస్‌మేకర్ పడుతుంది, పొద్దున్నే రిఫర్ చేసేయండి" అన్నారు. అది సరేగానీ, ఇలాంటప్పుడు కారణం ఎక్కణ్నుంచి వెతకాలి అన్నది మీ ప్రశ్న.

నేను కార్డియాలజిస్టును కాను. పాతికేళ్లకు పైగా జనరల్ మెడిసిన్ వార్డుల్లో తిరుగుతున్నవాణ్ని. గుండెలో కరెంటు తీగలు నిజంగా అరిగిపోయిన మనిషి మామూలుగా బాత్‌రూములోనో బస్టాండులోనో పడిపోయి, నుదుటికి కుట్లతో క్యాజువాలిటీకి వస్తాడు. 84 ఉన్న పల్స్ వార్డులో నాలుగు రోజులుండి 40 అయిందంటే మధ్యలో ఏదో జరిగింది. ఆ జరిగింది చాలాసార్లు మన చేతి మీదుగానే జరిగి ఉంటుంది. అందుకే నా అనుమానం ముందు కేస్ షీటు మీదికి పోతుంది, తర్వాతే గుండె మీదికి.

అయితే షీటు తిరగేయబోయే ముందు మణికట్టు పట్టుకుని నిండా ఒక నిమిషం లెక్కపెట్టండి. పదిహేను సెకన్లు చూసి నాలుగుతో హెచ్చవేసే అలవాటు ఇక్కడ పనికిరాదు. వేలికి పెట్టిన ఆక్సీమీటరు 38 చూపిస్తుంటే అదే నిమిషంలో ఈసీజీలో 76 ఉండటం నేను ఎన్నిసార్లు చూశానో! ప్రతి మామూలు బీట్ వెనకా ఒక ఎక్టోపిక్ (వేళ కాకముందే వచ్చే అదనపు బీట్) వస్తుంటే, గుండె నిండకముందే కొట్టిన ఆ రెండో దెబ్బ మణికట్టు దాకా చేరదు. స్టెతస్కోపు గుండె మీద, రెండో చెయ్యి నాడి మీద పెడితే విషయం తేలిపోతుంది. అలాంటి మనిషికి గుండె నెమ్మదించలేదు, ఎక్టోపిక్‌లు ఎందుకొస్తున్నాయన్నది వేరే కథ.

నిజంగానే 40 ఉంటే అంకెను పక్కనపెట్టి మనిషిని చూడండి. పుస్తకంలో 60 కన్నా తక్కువ అయితే బ్రాడీకార్డియా అని ఉంటుంది గానీ, 50కి దిగితేనే నేను ఆగి చూస్తాను. గాఢనిద్రలో 40 చిల్లర చాలామందికి మామూలే. రోజూ పరుగెత్తే కుర్రాళ్లకు మెలకువలోనూ అంతే ఉండొచ్చు. మాట తడబడుతోందా, చేతులు చల్లబడ్డాయా, ఛాతీలో నొప్పి, ఆయాసం ఉన్నాయా, యూరిన్ బ్యాగులో ఎంత ఉంది... ఇవే ముఖ్యం. బీపీ పడిపోయి మనిషి మగతగా ఉంటే కారణం వెతకడం, వైద్యం రెండూ ఒకేసారి నడవాలి. అట్రోపిన్ పెద్దలకు 1 మిల్లీగ్రాము, మూడు నుంచి ఐదు నిమిషాలకోసారి, మొత్తం 3 మిల్లీగ్రాముల వరకు. మన దగ్గర దొరికే యాంపుల్ 0.6 మిల్లీగ్రాములది. ఒక్కటి ఎక్కించి "పని చేయలేదు" అని రాసిన షీట్లు చాలా చూశాను. 0.5 మిల్లీగ్రాముల కన్నా తక్కువ మోతాదు ఒక్కోసారి పల్స్‌ను ఇంకా తగ్గిస్తుంది కూడా.

ఇక ఈసీజీ. పన్నెండు లీడ్లూ తీయించండి. మానిటర్ తెర మీది గీతను నమ్మి ఏ బ్లాకో పేరు పెట్టొద్దు. కింద పొడవాటి రిథమ్ స్ట్రిప్ కూడా ఉండాలి. నేను చూసేది మూడే. పీ వేవ్ ఉందా? ఉంటే ప్రతి పీ వెనక క్యూఆర్ఎస్ వస్తోందా? క్యూఆర్ఎస్ సన్నమా, వెడల్పా?

పీ, క్యూఆర్ఎస్ రెండూ జతగా నెమ్మదిగా నడుస్తుంటే అది సైనస్ బ్రాడీకార్డియా, అంటే బీట్ పుట్టే సైనస్ నోడే నెమ్మదించింది. మందులు, గుండెను నెమ్మదింపజేసే వేగస్ నాడి, థైరాయిడ్, చలి, నిద్ర, ఇవన్నీ అక్కడే ఉంటాయి. పీలు ఎక్కువ, క్యూఆర్ఎస్‌లు తక్కువైతే బ్లాకు, అంటే పైనుంచి కరెంటు కిందికి పూర్తిగా చేరడం లేదు. పీఆర్ (పీ నుంచి క్యూఆర్ఎస్ దాకా పట్టే సమయం) కొంచెం కొంచెం పెరుగుతూ ఒక బీట్ జారిపోతే వెంకెబాక్. ఈసీజీ యంత్రం ఇంకా రాకముందే, 1899లో, వెంకెబాక్ అనే డచ్చి వైద్యుడు చేతి నాడి గీతలను మాత్రమే చూసి దీన్ని పట్టుకున్నాడు. అందుకే నాడి చూడటం పాతకాలపు పని అని ఎవరన్నా నేను ఒప్పుకోను. పీఆర్ కదలకుండా ఉండి ఉన్నట్టుండి బీట్ పోతే మోబిట్జ్ రెండో రకం. దాన్ని చూసి నిద్రపోకూడదు. రెండు పీలకు ఒక క్యూఆర్ఎస్ చొప్పున ఉంటే ఆ కాగితం ఒక్కటి చూసి ఏ రకమో చెప్పలేం. మనిషిని లేపి నాలుగడుగులు వేయించగలిగితే, లేదా అట్రోపిన్ ఇస్తే, ఏవీ నోడ్‌లో (పై గదులకూ కింది గదులకూ మధ్య ఉన్న జంక్షన్) ఉన్న బ్లాకు మెరుగవుతుంది. దాని కింద తీగలో ఉన్న బ్లాకు ఇంకా ముదురుతుంది, ఎందుకంటే పైనుంచి పీలు వేగంగా వస్తాయి, కింద దారి ఇరుకుగానే ఉంటుంది. క్యూఆర్ఎస్ వెడల్పుగా ఉంటే కింది బ్లాకునే ముందు అనుమానించాలి.

ఒక చిన్న మాట. గ్యాప్ కనబడగానే సైనస్ పాజ్ (సైనస్ నోడ్ కాసేపు ఆగడం) అని రాసేముందు, గ్యాప్‌కి ముందున్న టీ వేవ్‌ను (క్యూఆర్ఎస్ తర్వాత వచ్చే అల) మిగతా టీ వేవ్‌లతో పోల్చండి. దాని మీద చిన్న బొడిపె ఉంటే అది ముందే వచ్చి దారి దొరకని ఏట్రియల్ ఎక్టోపిక్. పాజ్‌లకు అతి సాధారణమైన కారణం అదే. దానికి పేస్‌మేకర్ అక్కర్లేదు.

మంచం పక్కన నిలబడి మెడను చూడటం కూడా మరవొద్దు. పూర్తి హార్ట్ బ్లాకులో పై గదులూ కింది గదులూ ఎవరి దారిన అవి కొట్టుకుంటాయి. రెండూ ఒకేసారి ముడుచుకున్నప్పుడు మెడ సిరలో పెద్ద అల ఎగసిపడుతుంది. మొదటి గుండె చప్పుడు ఒకసారి గట్టిగా, ఒకసారి మెల్లగా వినిపిస్తుంది. ఈసీజీ టెక్నీషియన్ వచ్చేలోపు ఈ రెండూ చూసేయొచ్చు.

ఇప్పుడు మందుల సంచి. "ఏం మందులు వాడతారు" అని అడిగితే "బీపీ బిళ్ల, షుగరు బిళ్ల" అంటారు. అది జవాబు కాదు. ఇంటి నుంచి సంచి తెప్పించి మంచం మీద కుమ్మరించండి. నేను ఇది ఎలా నేర్చుకున్నానో చెప్తాను. చాలా ఏళ్ల కిందట నేను పనిచేసిన ఒక ఆసుపత్రిలో 70 దాటిన పెద్దావిడ కళ్లు తిరిగి పడిపోయి చేరింది. పల్స్ 36, సైనస్ బ్రాడీకార్డియానే. షీటులో షుగరు మందు ఒక్కటే ఉంది. పొటాషియం, థైరాయిడ్ బాగున్నాయి. సిక్ సైనస్ (సైనస్ నోడ్ జబ్బు) అని తేల్చేసి పేస్‌మేకర్ కోసం ఆరోగ్యశ్రీ కాగితాలు కూడా సిద్ధం చేస్తున్నాం. సాయంత్రం కోడలు వచ్చి, "అత్తయ్యకి కంట్లో చుక్కలు వేసే టైమైంది, వేయొచ్చా డాక్టరు గారూ?" అంది. చేతిసంచిలోంచి తీసింది టిమొలాల్ సీసా. గ్లకోమాకి రెండు పూటలా వేస్తున్నారు, అదీ ఒక చుక్క బదులు మూడు నాలుగు. టిమొలాల్ బీటా బ్లాకరు. కంట్లో వేసింది కన్నీటి గొట్టం గుండా ముక్కులోకి దిగి, అక్కడి పొర నుంచి నేరుగా రక్తంలో కలుస్తుంది. మింగిన బిళ్లలా ముందు కాలేయం దాటాల్సిన పని లేదు. చుక్కలు ఆపించి కంటి డాక్టరుతో మాట్లాడి వేరే మందుకు మార్పించాం. మూడో రోజుకి పల్స్ 68. ఆవిడకి మేం పేస్‌మేకర్ వేయించబోయాం! తప్పు కోడలిది కాదు. కంటి చుక్కల సంగతి మేం అడగలేదు, ఆవిడ దృష్టిలో అది "మందు" కాదు.

అప్పటినుంచి నా జాబితా బారెడు పెరిగింది. మెటొప్రొలాల్, అటెనొలాల్, కార్వెడిలాల్ అందరికీ గుర్తుంటాయి. చేతులు వణికితేనో, మైగ్రేన్‌కో, లివర్ పాడైన వాళ్లకో ఇచ్చే ప్రొప్రనొలాల్ జారిపోతుంది. డిల్టియాజెం, వెరపమిల్, డిగాక్సిన్, అమియోడరోన్, ఐవాబ్రడిన్ అడగాలి. కిడ్నీ పేషెంట్లకు బీపీకి ఇచ్చే క్లోనిడిన్, మతిమరుపుకి ఇచ్చే డొనెపెజిల్, మానసిక వైద్యులు రాసే లిథియం అడగాలి. ఐసీయూలో అయితే మత్తుకి ఇచ్చే డెక్స్‌మెడిటొమిడిన్ ఇన్ఫ్యూజన్ ఎంత నడుస్తోందో చూడాలి. ఇద్దరు డాక్టర్లు రెండు బ్రాండు పేర్లతో ఒకే మందు రాయడం మన దగ్గర ఎంత మామూలో మీకు చెప్పక్కర్లేదు. ఇంకొకటి: ఇంట్లో బిళ్ల సరిగా వేసుకోని మనిషికి వార్డులో సిస్టర్ టైముకి ఇస్తుంది. షీటులో మోతాదు మారదు, ఒంట్లో మారుతుంది.

ఇక్కడే మీ పేషెంట్ దగ్గరికి వస్తున్నాను, ఎందుకంటే ఆయన కథలో నాకు కనబడేది వేరే. అటెనొలాల్ కిడ్నీ గుండా బయటికి పోయే మందు. చేరినరోజే క్రియాటినిన్ 1.6. కాలు వాచి జ్వరంతో ఉన్న మనిషి సరిగా తిని తాగి ఉండడు, నొప్పికి డైక్లోఫెనాక్ ఇంజెక్షన్లు పడి ఉండొచ్చు. కిడ్నీ ఇంకా తగ్గితే అటెనొలాల్ ఒంట్లో పేరుకుంటుంది. టెల్మిసార్టన్ వల్ల పొటాషియం కూడా పెరుగుతుంది. కాలికి కోట్రైమోక్సజోల్ అనే యాంటీబయోటిక్ కూడా రాసి ఉంటే అందులోని ట్రైమెథోప్రిమ్ దాన్ని ఇంకొంచెం ఎక్కిస్తుంది. 6 ఉన్న పొటాషియం ఒక్కటే మామూలుగా పల్స్‌ను 40కి దించదు. మామూలు మోతాదు అటెనొలాల్ కూడా దించదు. రెండూ కలిస్తే దించుతాయి. పల్స్ తగ్గి బీపీ తగ్గితే కిడ్నీకి రక్తం ఇంకా తగ్గుతుంది, పొటాషియం ఇంకా పెరుగుతుంది, మందు ఇంకా పేరుకుంటుంది. గానుగెద్దులా ఒకే వలయం. దీనికి బ్రాష్ సిండ్రోమ్ అని పేరు పెట్టారు. ఎండాకాలంలో వాంతులు విరేచనాలతో వచ్చే బీపీ పేషెంట్లలో కూడా ఇదే చూస్తుంటాను.

"టీ వేవ్‌లు పొడవుగా లేవు కదా" అని దీన్ని కొట్టిపారేయొద్దు. పొటాషియం ఎక్కువై మొదట కనబడేది పీ వేవ్ మాయమై నెమ్మదిగా నడిచే జంక్షనల్ రిథమ్ (ఏవీ నోడ్ దగ్గర పుట్టే బీట్) కావచ్చు. మీ ఈసీజీ వర్ణన సరిగ్గా అదే. నాలుగు రోజుల కిందటి 5.1 ఇవాళ్టి అంకె కాదు.

అన్నీ మందులూ పొటాషియమే అని నేననను. షుగరు పేషెంట్‌కి పొట్ట పైభాగంలో మంట, చెమటలు, పల్స్ 44 ఉంటే గ్యాస్ అని పాంటాప్రజోల్ రాసేముందు రెండు, మూడు, ఏవీఎఫ్ లీడ్లు చూడండి. సైనస్ నోడ్‌కి చాలామందిలో, ఏవీ నోడ్‌కి ఇంకా ఎక్కువమందిలో కుడి కరోనరీ ధమనే రక్తం ఇస్తుంది. గుండె అడుగుభాగం ఇన్‌ఫార్క్ట్‌లో (గుండెపోటులో) వచ్చే బ్లాకు సాధారణంగా సన్నటి క్యూఆర్ఎస్‌తో ఉండి, అట్రోపిన్‌కి లొంగి, కొన్ని రోజుల్లో తగ్గుతుంది. కుడివైపు లీడ్ కూడా తీయండి. కుడి జఠరికకు (కుడి కింది గదికి) దెబ్బ తగిలిన వాళ్లకు నాలుక కింద సార్బిట్రేట్ పెడితే బీపీ కుప్పకూలుతుంది. ముందు గోడ ఇన్‌ఫార్క్ట్‌లో బ్లాకు వస్తే సంగతి వేరు, అది కింది తీగలు చచ్చిపోతున్న గుర్తు.

వాంతి చేసుకుంటూ, బీపీ 210, పల్స్ 48, మగతగా ఉన్న మనిషికి గుండె వైపు చూడటం దండగ. కనుపాపలు చూడండి, సీటీ తీయించండి. ఆ పల్స్ తలలో ఒత్తిడి పెరిగిందని చెప్తోంది. వెంటిలేటర్ మీద ఉన్న మనిషికి సక్షన్ పెట్టిన ప్రతిసారీ పల్స్ జారుతుంటే అది వేగస్. ముక్కులోంచి కడుపులోకి రైల్స్ ట్యూబ్ వేసేటప్పుడు, మూత్రం బిగుసుకున్నప్పుడు కూడా అంతే. వేగస్ పనిని స్ట్రిప్ మీదే పట్టుకోవచ్చు: బీట్ పోయే ముందు పీలు కూడా ఒకదానికొకటి దూరం జరుగుతాయి. పీలు అదే వేగంతో నడుస్తూ క్యూఆర్ఎస్‌లు మాత్రం మాయమైతే వేగస్ మీద నెట్టకండి. రాత్రి మాత్రమే పాజ్‌లు వస్తున్న లావుపాటి మనిషి గురక పెడతాడా అని భార్యను అడగండి, స్లీప్ ఆప్నియా పరీక్ష చాలు. ఆక్సిజన్ పడిపోతూ పల్స్ తగ్గుతుంటే, ముఖ్యంగా చిన్నపిల్లల్లో, అట్రోపిన్ వెతకొద్దు, ఊపిరి అందించండి.

మన ప్రాంతంలో జ్వరాలను, విషాలను వదిలేసి ఈ జవాబు పూర్తికాదు. జ్వరం ఒక డిగ్రీ ఫారన్‌హీట్ పెరిగితే పల్స్ సుమారు 10 పెరగాలి. 103 జ్వరంలో పల్స్ 80 ఉంటే టైఫాయిడ్ గుర్తుకు రావాలి. డెంగీలో జ్వరం దిగి ఆకలి మొదలైన తర్వాత పల్స్ 48, 50 ఉండటం చాలామందిలో చూస్తాం. మనిషి హుషారుగా ఉంటే ఒక ఈసీజీ తీసి ఊరుకోవచ్చు. గొంతులో తెల్లటి పొరతో చేరిన పిల్లవాడికి రెండో వారంలో పల్స్ తగ్గితే అది వేరు. డిఫ్తీరియా విషం గుండెను పట్టిందని అర్థం.

పురుగుమందు తాగినవాళ్లలో సూదిమొన కనుపాపలు, నోటి నురగ, వాసన చెప్పేస్తాయి. అక్కడ అట్రోపిన్ లెక్క పూర్తిగా వేరు, ఊపిరితిత్తుల్లో నీరు ఆరేదాకా ఇస్తూనే ఉంటాం. చటుక్కున దొరకనిది పచ్చ గన్నేరు. వాంతులు, కడుపునొప్పి అని "గ్యాస్ట్రో"గా చేరిన అమ్మాయికి పల్స్ 42, రకరకాల బ్లాకులు మారి మారి వస్తుంటే డిగాక్సిన్ జాతి విషం అనుకోండి. అడిగేటప్పుడు అత్తామామలను, అమ్మానాన్నలను అందరినీ బయటికి పంపి, సిస్టర్‌ను పక్కన పెట్టుకుని మెల్లగా అడగండి. అందరి ముందూ ఎవరూ చెప్పరు. ఇలాంటి కేసును మాత్రం తాత్కాలిక పేసింగ్ ఉన్నచోటికి ఆలస్యం చేయకుండా పంపాలి, బాగానే ఉన్నట్టు కనిపించి గంటల తర్వాత కూలిపోతారు.

థైరాయిడ్ పరీక్ష పంపండి, తప్పులేదు. ఫలితం కోసం కూర్చోవద్దు. పల్స్ 38కి థైరాయిడ్ ఒక్కటే కారణమైన మనిషి గొంతు, చర్మం, మాట తీరు చూస్తేనే తెలిసిపోతుంది.

ఇవన్నీ జల్లెడ పట్టాక మిగిలేవాళ్లకు పేస్‌మేకర్ కావాలి, వాళ్ల విషయంలో నాకేమీ సంకోచం లేదు. కారణం దొరకని మోబిట్జ్ రెండో రకం, పూర్తి బ్లాకు అయితే మనిషి నవ్వుతూ కూర్చున్నా రిఫర్ చేస్తాను. నలభై ఏళ్ల లోపు మనిషికి పూర్తి బ్లాకు వస్తే, సార్కాయిడ్, టీబీ గుండెలో ఉన్నాయేమో చూడమని ఉత్తరంలో రాస్తాను. బృహద్ధమని కవాటానికి ఎండోకార్డైటిస్ (ఇన్ఫెక్షన్) ఉన్నవాళ్లకు రోజూ ఈసీజీ తీయిస్తాను. పీఆర్ కొత్తగా పెరిగిందంటే కవాటం పక్కన చీము పట్టిందని అనుమానం, సర్జన్‌ను పిలవాల్సిందే.

మీ ఆయన విషయంలో ఈ రాత్రికి నేనైతే ఇలా చేస్తాను. అటెనొలాల్, టెల్మిసార్టన్ మీద అడ్డగీత. డ్రగ్ చార్టులో డైక్లోఫెనాక్, కోట్రైమోక్సజోల్ ఉంటే వాటిమీదా అంతే. ఏబీజీ యంత్రం (రక్తంలో వాయువులు కొలిచేది) ఉంటే పొటాషియం నిమిషాల్లో వస్తుంది. లేకపోతే ల్యాబుకి పంపి, ఫలితం వచ్చేదాకా ఆగకుండా, మానిటర్ పెట్టి 10 శాతం కాల్షియం గ్లూకోనేట్ 10 మి.లీ. నెమ్మదిగా ఐదు పది నిమిషాల్లో ఇస్తాను. ముందు ఆయన డిగాక్సిన్ వాడటం లేదని సంచి చూసి తేల్చుకుంటాను. పీ వేవ్‌లు తిరిగొచ్చి పల్స్ పైకి లేచిందా, జబ్బు దొరికినట్టే. కాల్షియం పొటాషియాన్ని తగ్గించదు, గుండెను అర గంట, గంట కాపాడుతుంది అంతే. ఆలోపు రెగ్యులర్ ఇన్సులిన్ 10 యూనిట్లు, 25 శాతం డెక్స్‌ట్రోజ్ 100 మి.లీ.తో, సాల్బుటమాల్ నెబులైజేషన్ నడవాలి. కిడ్నీ తగ్గిన మనిషికి ఇన్సులిన్ ఎక్కువసేపు ఉంటుంది కాబట్టి గంటకోసారి షుగరు చూడమని సిస్టర్‌కి నోటితో చెప్పడం కాదు, షీటులో రాయండి. నాలుక ఎండి ఉంటే సెలైన్. బీపీ 90 లోపుకి దిగితే అడ్రినలిన్ ఇన్ఫ్యూజన్, అది పొటాషియాన్ని కణాల్లోకి కూడా నెడుతుంది. మూత్రం రాకపోతే నెఫ్రాలజీకి రాత్రే ఫోన్ చేయండి. పొద్దున కోసం ఎదురుచూడాల్సిన రిఫరల్ అది కాదు.

పొటాషియం 5 లోపుకి వచ్చి, అటెనొలాల్ ఆపి రెండు మూడు రోజులైనా (ఆయన కిడ్నీకి అంత టైము ఇవ్వాలి) పల్స్ అలాగే ఉంటే మీ సీనియర్ గారి మాటే నిజం, అన్ని స్ట్రిప్‌లూ జతచేసి కార్డియాలజీకి పంపండి. అంతకన్నా ముందే పంపాల్సి వస్తే ఉత్తరంలో "బ్రాడీకార్డియా, పేస్‌మేకర్ కోసం" అని రాయొద్దు. ఆఖరి అటెనొలాల్ ఎన్ని గంటలకు ఇచ్చారు, పొటాషియం ఎంత, కాల్షియం ఇచ్చాక రిథమ్ ఎలా మారింది, ఈ మూడూ రాయండి. ఇవాళ్టి పొటాషియం ఎంత వచ్చిందో, చార్టులో కాలికి ఏ యాంటీబయోటిక్ ఉందో తెలిశాక నాకు చెప్పండి.